యాప్ కాపీ కొడితే దొంగతనమేనా? ఆదోని మెమరీ కార్డు నుంచి మోడ్ ఏపీకే దాకా

పోయిన నెల ఒక రాత్రి ఏదో ఛానెల్ స్క్రోల్ చేస్తుంటే నా యాప్ కనిపించింది. అదే పేరు, అదే ఐకాన్. పక్కన మాత్రం ‘ప్రీమియం అన్‌లాక్డ్’ అని ఉంది. చిన్న షాపులవాళ్లు అప్పు పద్దులు రాసుకోడానికి, ఆఫీసు పని అయ్యాక రాత్రుళ్లు కూర్చుని నేను చేసిన యాప్ అది. ప్రీమియం ఏడాదికి 99 రూపాయలు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: ‘దొంగలు!’

కాసేపటికే సిగ్గేసింది. 2013లో ఆదోనిలో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు నా 2 జీబీ మెమరీ కార్డు నిండా ఏమున్నాయి? మొబైల్ షాపులో 20 రూపాయలిచ్చి ఎక్కించుకున్న పాటలే కదా. ఆ సెప్టెంబర్‌లో ‘అత్తారింటికి దారేది’ రిలీజ్‌కి ముందే లీకైతే, అది మా క్లాసులో ఫోన్ నుంచి ఫోన్‌కి తిరిగింది. మేం దొంగలమని మాలో ఒక్కడూ అనుకోలేదు. మరి ఇప్పుడు వీళ్లు దొంగలెట్లా అయ్యారు?

చట్టం ఏమంటుంది?

భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303 ప్రకారం, ఒకరి స్వాధీనంలో ఉన్న చరాస్తిని వాళ్ల అనుమతి లేకుండా, దురుద్దేశంతో తీసుకుపోడానికి కదిలిస్తే దొంగతనం. ఇక్కడ అసలు పాయింట్ ‘స్వాధీనం’. మీ ఫోన్ కొట్టేస్తే మీ దగ్గర ఫోన్ ఉండదు. నా యాప్ కాపీ చేస్తే నా కోడ్ నా ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది.

అమెరికాలో ఇదే ప్రశ్న 1985లో సుప్రీంకోర్టు దాకా పోయింది. డౌలింగ్ అనే వ్యక్తి ఎల్విస్ ప్రెస్లీ పాటల పైరేటెడ్ రికార్డులు అమ్మాడు. అవి ‘దొంగసొత్తు’ కిందికి రావని కోర్టు ఆ కేసు కొట్టేసింది. కాపీరైట్ నేరం మాత్రం అతని మీద అలాగే ఉండిపోయింది.

మన దగ్గర కూడా అంతే. దొంగతనం కాదు అంటే నేరం కాదు అని అర్థం కాదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి. ఇది నాన్ బెయిలబుల్ అని 2022లో మన సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకో ముఖ్యమైన సంగతి సెక్షన్ 63బి. పైరేటెడ్ అని తెలిసి ఒక సాఫ్ట్‌వేర్‌ని వాడినా నేరమే. అదే, మీరు కొన్న సాఫ్ట్‌వేర్‌కి బ్యాకప్ కాపీ తీసుకుంటే తప్పు కాదు. అది సెక్షన్ 52 ఇచ్చిన హక్కు.

ఎమ్మిగనూరు మామ మాట

ఈ గొడవంతా ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా మామకి చెప్పా. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. కాపీ దెబ్బ ఆ ఊరికి కొత్త కాదు. కొన్ని రకాల బట్టల్ని చేనేతకే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు ఏకంగా చట్టం చేసింది. అయినా మగ్గం మీది డిజైన్ పవర్‌లూమ్‌కి ఎక్కడం ఆగలేదు.

“చీర ఎత్తుకపోతే స్టేషన్‌కు పోతాం. డిజైన్ ఎత్తుకపోతే యాడికి పోవాల్రా? చీర మగ్గం మీదనే ఉంటాది. కొనేటోడే ఉండడు,” అన్నాడు మామ.

నాకు అర్థమైంది ఇదీ: దొంగతనంలో పోయేది వస్తువు, కాపీలో పోయేది బేరం. అందుకే రెండింటి నష్టం ఒకే లెక్కలో తేలదు.

నా నష్టం ఎంత?

ఆ పోస్టుకి 1,100 వ్యూస్ వచ్చాయి. ఒక్కోటి 99 చొప్పున 1,08,900 రూపాయలు పోయాయని నేను గగ్గోలు పెట్టొచ్చు. కానీ అది అబద్ధం. ఫ్రీగా చూసిన ప్రతి ఒక్కరూ డబ్బు పెట్టి కొనేవాళ్లు కాదు. అట్లాగని నష్టం సున్నా కూడా కాదు. నా పెయిడ్ యూజర్లు అప్పటికి 63 మందే. అందులో నలుగురు రెన్యూ చేసుకోకపోయినా నాకు తెలుస్తుంది.

2025 నవంబర్‌లో ఐబొమ్మ కేసులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒకరిని అరెస్ట్ చేసినప్పుడు సోషల్ మీడియాలో జరిగిందీ ఇదే. ఒకవైపు ‘దొంగ’ అన్నారు, ఇంకోవైపు ‘టికెట్ రేట్లు చూశారా?’ అన్నారు. ఎవరికి ఎంత పోయిందన్న లెక్క మాత్రం మధ్యలో కొట్టుకుపోయింది.

నిజంగా పోగొట్టుకున్నది ఒకరే

తర్వాత వారం ఆదోని నుంచి ఫోన్. బట్టల కొట్టాయన. ఎవరో చెప్తే ఆ మోడ్ ఏపీకే వేసుకున్నాడు. మోడ్ చేసేవాళ్లు యాప్‌ని విప్పి, లైసెన్స్ చెక్ తీసేసి, తమ కీతో మళ్లీ సైన్ చేస్తారు. సిగ్నేచర్ మారితే ఆండ్రాయిడ్ దాన్ని పాత యాప్ మీద ఇన్‌స్టాల్ కానివ్వదు. అందుకని ఆయన అసలు యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేశాడు. దాంతోపాటు ఫోన్‌లో ఉన్న మూడు నెలల అప్పు పద్దులూ పోయాయి.

“తమ్ముడూ, 99 కడతా. నా పద్దులొస్తాయా?” అన్నాడు.

“రావన్నా.”

ఈ కథ మొత్తంలో చేతిలో ఉన్నది పోగొట్టుకున్న మనిషి ఆయనొక్కడే.

ఫైనల్ వర్డిక్ట్

కాపీ దొంగతనం కాదు. తప్పు మాత్రం తప్పే. పని చేసినవాడికి రావాల్సింది రాకుండా చేయడం అది. నన్నడిగితే మెమరీ కార్డు రోజుల్లో నేను చేసింది కూడా ఆ తప్పే, 20 రూపాయలు పాడినవాళ్లకి కాక షాపాయనకి పోయాయి.

నేను చేసింది రెండు పనులు. ఆ పోస్టు తీసేయమని రిపోర్ట్ కొట్టా. అప్పటిదాకా ప్రీమియంలో ఉన్న బ్యాకప్ ఫీచర్‌ని అందరికీ ఫ్రీ చేశా. మీ ఫోన్‌లోనూ ఏదైనా మోడ్ యాప్ ఉంటే తీసేయండి. కానీ తీసే ముందు డేటా ఎక్స్‌పోర్ట్ చేసుకోవడం మర్చిపోకండి.