మాట మన ఇంట్లో, పాట పక్కింట్లో

ఉగాది దగ్గరపడుతోందంటే బెంగుళూరులోని తెలుగు ఇళ్ళలో ఒక హడావిడి మొదలవుతుంది. బీరువాల్లోంచి పట్టుపరికిణీలు, చిన్న పంచెలు బయటికి వస్తాయి. రెండు వారాల్లో పిల్లలకు ఒక పాట, ఒక నృత్యం, నాలుగు పద్యాలు నేర్పేస్తాం. వ్యాళికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి వారి శ్రీకృష్ణదేవరాయ కళామందిరమైనా, మన అపార్టుమెంటు క్లబ్ హాలైనా ఆ సాయంత్రం కన్నులపండువగా గడుస్తుంది. ఫొటోలు తీసుకుంటాం, పులిహోర తింటాం, ఇంటికి వస్తాం. మర్నాడు పరికిణీ బీరువాలోకి వెళుతుంది. నేర్చుకున్న పాట కూడా దాంతోపాటే వెళుతుంది.

ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. బతుకుతెరువు కోసం ఊరు దాటి వచ్చినవాళ్ళం, ఏడాదికి ఒక సాయంత్రమైనా నలుగురం ఒకచోట చేరి మన పాట మనం పాడుకోవడం మంచిదే. అయితే "మన సంస్కృతిని కాపాడుకోవాలి" అని వేదిక మీద అనుకున్న మాటకు మిగిలిన మూడువందల అరవై నాలుగు రోజుల్లో చోటెక్కడ? ఈ ప్రశ్నకు జవాబు కోసం వెతికితే మన ఇరుగుపొరుగు ఇళ్ళలోనే కొన్ని ఆశ్చర్యకరమైన సంగతులు కనిపిస్తాయి.

మనకొక్కరికే వచ్చిన చిక్కా?

కాదు. సముద్రాలు దాటి వెళ్ళిన జాతులన్నీ ఎదుర్కొన్న చిక్కే ఇది. ఫిలిప్పీన్స్ దేశం సంగతే చూడండి. 1920లలో ఫ్రాన్సిస్కా రెయెస్ అనే ఉపాధ్యాయురాలు ఊరూరా తిరిగి పల్లె నృత్యాలను చూసి, అడుగులు రాసుకుని, పాటలు సేకరించింది. వాటిని పుస్తకాలుగా వేసి, బడుల్లో పాఠంగా పెట్టించింది. రెండు వెదురు బొంగులను లయగా కొడుతుంటే వాటి మధ్య కాళ్ళు చిక్కుకోకుండా ఆడే ‘టినిక్లింగ్’ నృత్యం ఆ దేశపు పిల్లలకు బడిలోనే పరిచయమైందంటే అందులో ఆమె శ్రమ చాలా ఉంది. 1973లో ఆ దేశం ఆమెను జాతీయ కళాకారిణిగా గౌరవించింది.

ఆ దేశం నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన కుటుంబాల పిల్లలు అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఏటా ‘పిలిపినో కల్చరల్ నైట్’ అని ఒక పెద్ద ప్రదర్శన జరుపుకుంటారు. మన ఉగాది వేడుక లాంటిదే. "ఈ ఒక్క రాత్రితో సరిపోతుందా? తాతల నాటి పల్లెటూరిని వేదిక మీద చూపిస్తున్నాం సరే, ఈనాటి మన బతుకు అందులో ఎక్కడుంది?" అని వాళ్ళలోనే కొందరు అడుగుతూ వచ్చారు. మనం అడుక్కోవలసినదీ అదే.

బెంగుళూరులో తెలుగు కళ పరాయిది కాదు

మొదట ఒక సంగతి చెప్పుకోవాలి. ఈ ఊళ్ళో తెలుగు కళ మనతో పాటు సాఫ్టువేరు ఉద్యోగాల కోసం రైలు దిగింది కాదు. 1537లో ఈ నగరానికి పునాది వేసిన కెంపేగౌడ పేర ‘గంగాగౌరీ విలాసము’ అనే తెలుగు యక్షగానం ఉంది. ఆయన మాతృభాష కన్నడమే. అయినా ఆ రోజుల్లో ఈ ప్రాంతపు పాలకులకు కన్నడం, తెలుగు రెండూ ఇంట్లో తిరిగే భాషలే.

మైసూరు ఆస్థాన విద్వాంసుడు వాసుదేవాచార్య (1865–1961) తన ఆత్మకథ రాసుకున్నది కన్నడంలో, కృతులు రచించింది ఎక్కువగా తెలుగులో, సంస్కృతంలో. పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు దగ్గర శిష్యరికం చేసిన ఆయనకు సంగీతం అంటే తెలుగు కూడా వెంట వచ్చేదే.

ఇక బెంగుళూరును ఇంటిపేరు చేసుకున్న నాగరత్నమ్మ (1878–1952) కథ మన ఆడపిల్లలందరికీ చెప్పవలసిన కథ. మైసూరు రాజ్యంలోని నంజనగూడులో పుట్టిన ఈ గాయని, తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రచించిన ‘రాధికా సాంత్వనము’ను వెతికి పట్టుకుని, 1910లో పరిష్కరించి అచ్చు వేయించింది. ఆడది ఇలాంటి శృంగారం రాయడమా అని పెద్దలు మండిపడ్డారు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగేసరికి దేశానికి స్వాతంత్ర్యం రాబోతోంది, మద్రాసులో టంగుటూరి ప్రకాశంగారి ప్రభుత్వం ఉంది. పాడుబడిన త్యాగరాజు సమాధికి తిరువైయారులో గుడి కట్టించింది కూడా ఈవిడే, 1920లలో, తన సొత్తు పెట్టి. అక్కడి ఆరాధనలో ఆడవారిని పాడనివ్వకపోతే, ఆడవారి ఆరాధనను వేరుగా జరిపించింది. తెలుగువాడైన త్యాగరాజును తమిళదేశంలో నిలబెట్టింది కన్నడదేశపు ఆడబడుచు!

ఇంట్లో ఒక భాష, ఆటలో తెలుగు

ఇలాంటివాళ్ళు సంగీతంలోనే ఉన్నారనుకోకండి. బెంగుళూరు నుంచి రైలెక్కితే ఒక పూటలో చేరగల ధర్మవరం పక్కన నిమ్మలకుంట అనే ఊరుంది. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. తోలుబొమ్మలాటకు పేరుపడిన ఊరు. మేకతోలును పలుచగా గీకి, రంగులద్ది, చిల్లులు పొడిచి, తెర వెనక దీపం పెట్టి రామాయణ భారతాలు ఆడించిన కుటుంబాలు అక్కడున్నాయి. ఆ ఊరివాడైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఈ బొమ్మలాట కుటుంబాలు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీకి చెందిన ఒక యాస. తెర దగ్గరికి వచ్చేసరికి పద్యం తెలుగు, పాట తెలుగు, కేతిగాడు బంగారక్కతో ఆడే సరసం తెలుగు! 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలై, తరతరాలుగా తెలుగు నాటకాన్నే బతుకుగా చేసుకున్న సురభి కుటుంబాలకూ మరాఠీ మూలాలే. తంజావూరు జిల్లా మెలట్టూరులో ఏటా నరసింహ జయంతికి జరిగే భాగవతమేళ చూడండి. ఊరు తమిళుల ఊరు, చూసేవారు తమిళులు, ఆడేది మెలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు నాటకం.

ఈ ఉదాహరణలన్నీ కలిపి చూస్తే ఒక సంగతి స్పష్టపడుతుంది. తెలుగు ఇంట్లో పుట్టినంత మాత్రాన తెలుగు కళ ఒంటబట్టదు. పుట్టనంత మాత్రాన ఒంటబట్టకపోదు. రోజూ చేసినవాడికే అది దక్కింది.

ఇప్పుడు మన అపార్టుమెంటుకు వద్దాం. మూడో అంతస్తులో ఒక కన్నడ పిల్లో, తమిళ పిల్లో అయిదేళ్ళుగా సంగీతం నేర్చుకుంటూ ఉంటుంది. త్యాగరాజ కృతిని రాగం, తాళం చెడకుండా పాడుతుంది. అర్థమేమిటని అడిగితే "రాముడి మీద పాట ఆంటీ" అని ఊరుకుంటుంది. మన పిల్లకు అదే కృతి చదివి వినిపిస్తే సగం మాటలకు తడుముకోకుండా అర్థం చెబుతుంది. పాడమంటే మాత్రం తల దించుకుంటుంది. మాట మన ఇంట్లో ఉంది, పాట పక్కింట్లో ఉంది. రెండూ విడివిడిగా ఎంతకాలం నిలుస్తాయి?

మారినందువల్లే మిగిలాయి

"కాపాడటం" అనగానే మనకు ఆవకాయ జాడీ గుర్తుకొస్తుంది. తడి తగలకుండా, చెయ్యి పెట్టకుండా మూతబిగించి దాచడం. కళలు అలా నిలవవు. కూచిపూడినే తీసుకోండి. ఒకప్పుడు ఆ ఊరి బ్రాహ్మణ కుటుంబాల మగవారు మాత్రమే ఆడిన ఆట అది. సత్యభామ కూడా మగవాడే. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారి వంటివారు ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, ఊరితో, కులంతో పని లేకుండా వచ్చినవారికల్లా నేర్పారు. వారు అలా గీత దాటకపోతే, ఇవాళ జయనగరంలోనో, వైట్‌ఫీల్డ్‌లోనో గజ్జె కట్టే మన అమ్మాయికి ఆ అవకాశమే లేదు. ‘శంకరాభరణం’లో తులసిగా మనందరికీ గుర్తుండిపోయిన మంజుభార్గవిగారు చినసత్యంగారి శిష్యురాలే. ఆవిడ బెంగుళూరులోనే స్థిరపడి ఈ విద్య నేర్పారు. కన్నడ రంగస్థల ప్రముఖులు గుబ్బి వీరణ్ణగారి కుటుంబానికి చెందిన వైజయంతీ కాశీగారు ఈ నగరంలో ‘శాంభవి’ నృత్యశాల పెట్టి ఎందరినో కూచిపూడి నర్తకులుగా తీర్చిదిద్దారు.

సురభి వారూ అంతే. పౌరాణిక నాటకాలకు, తెర మీది మాయలకు పేరుపడిన ఆ బృందంతో 1990లలో కన్నడ దర్శకుడు బి.వి.కారంత్‌గారు పనిచేశారు. జర్మన్ నాటకకర్త బ్రెక్ట్ నాటకాన్ని ‘బస్తీ దేవత యాదమ్మ’గా వారి చేత ఆడించారు. పాత చేతులకు కొత్త కథ దొరికింది.

బుర్రకథలో అయితే ‘నేటి మాట’కు పెద్దలు ముందే పీట వేసి ఉంచారు. నడుమ కథకుడు, ఒక పక్క హాస్యగాడు, మరో పక్క ‘రాజకీయం’ చెప్పేవాడు. పాత కథ నడుస్తుండగానే ఊళ్ళో సంగతులు, దేశంలో సంగతులు అతను దూర్చేస్తాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్‌గారు (1920–1997) ఈ కళలో పల్నాటి వీరుల కథా చెప్పారు, 1940లలో బెంగాల్ కరువు కథా చెప్పారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు.

అయితే మార్పులో పోగొట్టుకునేదీ ఉంటుంది, అదీ దాచకూడదు. రాత్రంతా కూర్చుని బొమ్మలాట చూసేవారు తగ్గిపోయాక, నిమ్మలకుంట కళాకారులు అదే తోలుతో దీపపు గూళ్ళు, గోడకు తగిలించే బొమ్మలు చేయడం నేర్చారు. కుటుంబాలు నిలబడ్డాయి, చేతిపని నిలబడింది. చిత్రకళా పరిషత్‌లో జరిగే హస్తకళల సంతల్లో అలాంటి దీపం కనిపిస్తే మనమూ ముచ్చటపడి కొంటాం. కాని ఆ దీపం మీద ఉన్న హనుమంతుడు మాట్లాడడు, కేతిగాడు నవ్వించడు. చూపు మిగిలింది, మాట తగ్గింది. ఆ మాటను మళ్ళీ పలికించగలిగినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరైనా ఉన్నారంటే, ఇంట్లో తెలుగు మాట్లాడే మనమే కదా.

మనం చేయదగినవి

పెద్ద పెద్ద పథకాలు అక్కర్లేదు. ఇంట్లో చేయగలిగినవి నాలుగున్నాయి.

మొదటిది అర్థం చెప్పడం. మీ అమ్మాయి నృత్యం నేర్చుకుంటుంటే, ఆ వారం నేర్పిన పాటలోని మాటలను భోజనాల దగ్గర వివరించండి. సత్యభామ ఎందుకు అలిగిందో తెలిసిన పిల్ల ముఖంలో అభినయం వేరుగా ఉంటుంది. మీకే తెలియని మాట వస్తే ఊళ్ళో ఉన్న అమ్మమ్మకో, నానమ్మకో ఫోను చేయించండి. ఆవిడకూ కాలక్షేపం, పిల్లకూ చుట్టరికం.

రెండోది అక్షరం. మన పిల్లలు బడిలో కన్నడం చదువుతున్నారు. అది మనకు అడ్డం కాదు, నిచ్చెన. కన్నడ లిపి, తెలుగు లిపి ఒక తల్లి బిడ్డలు. చాలా అక్షరాలు తలకట్టులోనే తేడా. కొన్ని మాత్రమే బొత్తిగా వేరు. కన్నడం చదవగలిగిన పిల్లకు రోజుకు పావుగంట చొప్పున వేసవి సెలవుల్లో నేర్పితే చాలు, తెలుగు చదవడం పట్టుబడుతుంది. సంగీతం నోటుపుస్తకంలో పాటను ఇంగ్లీషు అక్షరాల్లో కాకుండా తెలుగులో రాసుకోమనండి. ‘ల’కూ ‘ళ’కూ, ‘న’కూ ‘ణ’కూ తేడా నాలుకకు అప్పుడే తెలుస్తుంది.

మూడోది వినడం. 1905లో స్థాపించిన బెంగుళూరు గాయన సమాజ, 1939లో మొదలైన శ్రీరామసేవా మండలి రామనవమి కచేరీలు మన ఊరి సొత్తు. చామరాజపేట ఫోర్ట్ హైస్కూలు మైదానంలో పేరు పొందిన ఆ కచేరీలలో ఎందరు మహామహులు తెలుగు కృతులు పాడారో! పిల్లలను మూడు గంటలు కూర్చోబెట్టనక్కర్లేదు. ఒక్క అరగంట చాలు. వాళ్ళకు తెలిసిన మాట ఒకటి చెవిన పడితే, మిగిలింది అదే లాక్కుపోతుంది.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, పిల్లలకు వాళ్ళ కథ చెప్పుకునే చోటు ఇవ్వడం. వాళ్ళు పుట్టిన ఊరు ఇది. 2017లో నిప్పంటుకున్న బెళ్ళందూరు చెరువు మీద ఒక బుర్రకథ కట్టమనండి. సిల్క్‌బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న కేతిగాడి చేత నాలుగు మాటలు అనిపించమనండి. మధ్యలో కన్నడం దొర్లితే దొర్లనివ్వండి, ఇంగ్లీషు వస్తే రానివ్వండి. వాళ్ళ నోట ఉన్న తెలుగు అదే. దాన్ని వెక్కిరిస్తే రేపు ఆపాటి కూడా మాట్లాడరు.

దసరాకు మనం బొమ్మల కొలువు పెడతాం. కన్నడ ఇళ్ళలో అదే గొంబె హబ్బ. వాళ్ళు మన ఇంటికి పేరంటానికి వస్తారు, మనం వాళ్ళింటికి వెళతాం. కొలువు ముందు కూర్చోబెట్టి "ఒక పాట పాడమ్మా" అని పిల్లలను అడగడం రెండిళ్ళలోనూ ఉన్న అలవాటే. ఈసారి మూడో అంతస్తు పిల్ల త్యాగరాజ కృతి పాడినప్పుడు, దాని అర్థం కన్నడంలో చెప్పమని మన పిల్లను పక్కన కూర్చోబెట్టండి. మర్నాటి నుంచి ఆ పాట తనకూ నేర్పమని ఆ పిల్లనే అడగమనండి. నేర్చుకోవడానికి దసరా తొమ్మిది రోజులూ ఉన్నాయి. పేరంటం తాంబూలంతో పాటు ఒక పాట ఇంటికి వస్తుంది.