పాదం కింది రబ్బరు

ఆశ్వయుజ, కార్తిక మాసాలలో చెన్నపట్నానికి ఈశాన్యపు వానలు వస్తాయి. అంతకుముందే కారున్నవారు టైర్లు, వైపర్లు చూపించుకుంటారు గాని, బ్రేకు, క్లచ్చి పెడళ్లమీది రబ్బరు తొడుగులను తలచేవారు అరుదు. తడిసిన చెప్పును పట్టి నిలిపేవి ఆ రబ్బరు గీతలే. అవి అరిగి నున్నబడితే, అడ్డువచ్చిన పిల్లవాణ్ణి తప్పించవలసిన క్షణంలోనే కాలు జారవచ్చు.

గీతలు చెరిగినా, అంచు చిరిగినా, లోపలి ఇనుము కనిపించినా తొడుగు మార్చవలసిందే. పుదుపేటలో పాత సామాను దొరుకుతుంది. దీనికి మాత్రం జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్తదే కొనడం మేలని మా అభిప్రాయం. పాతదానిని వెంట తీసుకొని వెళితే సరిపోయేది ఇస్తారు.

ఇంజను ఆపి, హ్యాండు బ్రేకు వేసి, పాత తొడుగు అంచు ఎత్తి ఊడదీయాలి. పెడలుమీది తుప్పు, జిడ్డు తుడవాలి. కొత్తది బిగుతుగా ఉంటే కాసేపు వేడినీటిలో ఉంచితే మెత్తబడుతుంది. నూనె మాత్రం రాయరాదు. తొడిగి, తడి తుడిచి, అంచు చుట్టూ పట్టిందో లేదో వేలితో తడిమి, కాలితో గట్టిగా నొక్కి చూడాలి. కదిలితే పనికిరాదు.

వానలకు ముందే ఒక ఆదివారం ఉదయం ఈ చిన్న పని ముగించుకోవలసిందిగా సోదర సోదరీమణులకు మా మనవి.