కొరమీను మునిగిపోతుంది!

"నీళ్లలోనే పుట్టి పెరిగే కొరమీను నీళ్లలో మునిగి చస్తుందట, నిజమేనా?" అని ఒక పాఠకుడు రాశారు. నిజమే. పైకొచ్చి గాలి పీల్చుకోనివ్వకుండా అడుగునే పట్టి ఉంచితే, ఎదిగిన కొరమీను ఊపిరాడక చచ్చిపోతుంది.

ప్రపంచంలో ఇప్పటిదాకా గుర్తించిన చేపజాతులు 35 వేలకు పైమాటే. వాటిలో దాదాపు సగం మంచినీటివి. భూమ్మీదున్న నీటిలో నదుల, చెరువుల వాటా పదివేలో వంతు కూడా లేదు! అంత చిన్న చోటులో అన్ని జాతులు బతకాలంటే ఎవరూ కోరని బురదగుంటల్లోకీ కొన్ని చేరక తప్పదు. లీటరు గాలిలో సుమారు 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటే, లీటరు మంచినీటిలో ఆరేడు మిల్లీలీటర్లే. ఎండాకాలం గుంటలో అదీ ఉండదు.

మరి గాలినే పీల్చవచ్చుగా? మామూలు మొప్పలతో కుదరదు. నీటి బయట వాటి పొరలు తడిసిన పుస్తకం కాగితాల్లా అతుక్కుపోతాయి. అందుకే కొరమీనుకు మొప్పల పైన, తలకు రెండు పక్కలా గాలిగదులున్నాయి. వాటి లోపలి పొర నిండా సన్నని రక్తనాళాలు. మార్పు చేపలో ఇదే పనికి చెట్టుకొమ్మల్లాంటి అవయవాలు మొలిచాయి.

అసలు అద్భుతం గదుల్లో లేదు, రక్తం నడిచే దారిలో ఉంది. చేప గుండెకు ఉన్నది ఒకటే జఠరిక. అక్కడినుంచి రక్తం మొప్పలకు పోవాల్సిందే. గాలిలోంచి కష్టపడి తెచ్చుకున్న ఆక్సిజన్ ఆ మొప్పల్లోంచి ఆక్సిజన్ లేని నీటిలోకి జారిపోదా? కొరమీను కుటుంబం దీనికి కనిపెట్టిన ఉపాయం చూడండి. గుండె నుంచి రెండు నాళాలు బయల్దేరతాయి. ఒకటి ముందరి రెండు జతల మొప్పల మీదుగా గాలిగదులకు, రెండోది వెనకటి జతల మీదుగా శరీరానికి. గాలిగదుల నుంచి తిరిగొచ్చిన మంచి రక్తం, ఒంట్లోంచి వచ్చిన చెడు రక్తం ఆ ఒక్క జఠరికలోనే చాలావరకు కలవకుండా సాగి, మంచిది ఎక్కువగా శరీరం వైపే వెళ్తుంది. మధ్యలో గోడ లేదు! మొప్పలకు మిగిలిన పెద్ద పని కార్బన్ డయాక్సైడ్‌ను నీటిలోకి వదలడం.

చేపలు గాలి పీల్చే ఈ తీరును పెద్దపెద్దవాళ్లే తప్పుగా అర్థం చేసుకున్నారు. ఈ గదులు మొప్పలను తడిగా ఉంచే నీటితొట్లని ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త క్యువియే అంతటివాడు నమ్మాడు. 1791లో తరంగంబాడిలో డాల్డార్ఫ్ అనే డెన్మార్క్ సైనికాధికారి తాటిచెట్టు మీద, ఇలాగే గాలి పీల్చే అనాబస్ చేపను చూసి, అదే ఎక్కిందని రాశాడు. చెట్లమీద కనిపించే అలాంటి చేపలు కాకులూ గద్దలూ ఎత్తుకెళ్లి వదిలేసినవని తర్వాత బి.కె.దాస్ తేల్చారు. గాలి పీల్చే భారతీయ చేపల మీద 1928లో రాయల్ సొసైటీ పత్రికలో గొప్ప పరిశోధన ప్రచురించిన ఆయన మన ఉస్మానియాలో జంతుశాస్త్రం బోధించినవారు. అన్నట్టు, తెలంగాణ రాష్ట్ర చేప కొరమీనే.

ఇక ఉపయోగమంటారా, బజారులో కొరమీను గంటల తరబడి బతికుండటం ఈ గాలి పీల్చే గుణం వల్లే. ప్రాణాలతో ఇంటికి తెచ్చుకునేవాళ్లు డబ్బాను అంచుదాకా నీళ్లతో నింపి మూత బిగించకండి. పైన గాలికి చోటు వదలండి.