గుత్తపని - మొదటి నూరు బిళ్లలు

మార్కాపురము పేరు వినగానే చెన్నకేశవస్వామి ఆలయము, దానితోపాటు పలక జ్ఞప్తికి వచ్చును. మన తాతలు, తండ్రులు ఓనమాలు దిద్దుకొన్న పలకలలో ఎన్నియో ఈ ఊరి నుండి పోయినవే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడు వరకు మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. కావున ఈ పరిశ్రమ పాత ముచ్చటలు కావలసినవారు కర్నూలు జిల్లా గ్రంథములలో వెదకవలెను. తరువాత కాగితపు పుస్తకములు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతిపలక గిరాకీ తగ్గినది. ఇప్పుడు అదే రాయి నేలకు పరచు బిళ్లలుగా, గోడలకు అతుకు బిళ్లలుగా దూరదేశములకు సైతము పోవుచున్నది.

ఈ మార్పుతో పని చేయించు పద్ధతియు మారినది. బడిపలకకు ఏటేట గిరాకీ ఉండెడిది. బిళ్లలకు అట్లు కాదు. రెండు నెలల ఆర్డరు ఒకటి వచ్చును, ఆపై కొన్నాళ్లు ఏమియు రాకపోవచ్చును. రెండు నెలల పనికై పాతికమందిని ఏడాది పొడుగున జీతమునకు ఉంచుకొనుట చిన్న యజమానికి సాధ్యము కాదు. కావున బండను చీల్చుట ఒకరికి, అంచులు కోయుట మరియొకరికి, పెట్టెలు కట్టుట వేరొకరికి గుత్తకు ఇచ్చుట తప్పనిసరి. పట్టణములలో ఇట్టి స్వతంత్ర పనివారిని ఫ్రీలాన్సర్లు అనుచున్నారు. పేరు క్రొత్తదే కాని, గుత్త మనకు క్రొత్త కాదు. తగవులును క్రొత్తవి కావు.

ఆ తగవులు ఎక్కడ పుట్టునో చూడవలెను. రేటు దగ్గర పుట్టునని సాధారణముగా అనుకొందురు. నా దృష్టిలో రేటు కంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. విరిగిన బిళ్ల నష్టము ఎవరిది?

పలకరాయి పుట్టుకలోనే ఈ చిక్కున్నది. అతి పూర్వకాలమున నీటి అడుగున పేరుకొన్న మెత్తని బురద, భూమి లోపలి ఒత్తిడికి, వేడికి గట్టిపడి, సన్నని పొరలుగా చీలు గుణమును పొందినది. ఉలి పెట్టి సుత్తితో మెల్లగా తట్టినచో బండ పొరపొరగా విచ్చుకొనును. అయితే లోపల వెంట్రుకవాసి బీట ఉన్నదో, తెల్లరాతి చార అడ్డుపడినదో పైకి కానరాదు. ఉలి తగిలిన తరువాతనే తెలియును. నూరు బిళ్లలు చీల్చినచో ఎన్ని నిలుచునో యజమానికి తెలియదు, పనివానికిని తెలియదు.

"మంచి బిళ్లకు ఇంత" అని బేరమాడుట వాడుక. వినుటకు న్యాయముగనే ఉన్నది. లెక్కకొరకు బిళ్లకు అయిదు రూపాయలు అనుకొందము. మంచి బండలో నూటికి 90 నిలిచినచో పనివానికి 450 రూపాయలు వచ్చును. చెడ్డ బండలో 60 మాత్రమే నిలిచినచో 300 వచ్చును. చెమట రెండు దినములందును ఒక్కటే. బండను ఎన్నుకొన్నది, కొన్నది యజమాని. చౌక బండ కొని అతడు మిగుల్చుకొన్న సొమ్ములో కొంత పనివాని కూలి నుండి వచ్చినదే గదా! పోనీ, మంచిచెడ్డలు చూడక చీల్చిన ప్రతి బిళ్లకు కూలి ఇత్తమన్నచో, తొందరపడిన చేతిలో మంచి బండయు ముక్కలగును.

దీనికి నాకు తోచిన ఉపాయము చాల చిన్నది. రేటు మాటలాడుటకు ముందు మొదటి నూరు బిళ్లలను రోజుకూలికి చీల్పింపవలెను. బండ ఆర్డరునకు వాడబోవు బండయే కావలెను, చేయి ఆ పని పట్టబోవు చేయియే కావలెను. సాయంకాలము ఇద్దరును కూర్చుండి లెక్కింపవలెను. 78 నిలిచినవనుకొందము. నూటికి 22 వరకు విరుగుడు ఎవరి తప్పును కాదని అంగీకరించి, ఒక దినమున తయారగు మంచి బిళ్లలపై న్యాయమైన దినకూలి గిట్టునట్లు రేటు కట్టవలెను. బండ మారినచో మరల నూరు చీల్పింపవలెను. విరుగుడు తగ్గినచో మిగిలిన రాతి విలువలో పనివానికి కొంత భాగము ఇచ్చుట యజమానికే లాభము. విరుగుడు మితిమీరినచో విరిగిన ముఖము చూడుడు. పాత బీట అయినచో తరచుగా దానిపై తుప్పురంగు చార ఉండును. క్రొత్తగా విరిగిన ముఖము తేటగా ఉండును. ఒక్కదినపు కూలి పోవునని ఈ పరీక్ష మానుకొన్నవారు ఆర్డరు చివర అంతకు పదింతలు పోగొట్టుకొనగలరు.

మందము విషయమున మాటలు చాలవు. "సన్నగా ఉండవలెను" అన్నచో ఎవరి సన్నము వారిది. ఇనుప పట్టీ ఒకటి తీసికొని రెండు గాళ్లు కోయింపుడు. వెడల్పు గాడిలో బిళ్ల దూరవలెను, ఇరుకు గాడిలో దూరరాదు. అట్టి పట్టీలు రెండు చేయించి ఒకటి పనివానికి ఇచ్చినచో, అతడు తన తప్పును తానే పట్టుకొనును. ఒప్పుకొన్న నమూనా బిళ్లలు కూడ రెండుండవలెను. రెంటి వెనుకను ఇద్దరి సంతకములుండవలెను.

ఒప్పందము తెలుగులో ఒక్క పుట చాలును. కొలత, సంఖ్య, తేదీ, రేటు, విరుగుడు మితి, లెక్కించు చోటు, బండి కిరాయి ఎవరిదను సంగతి అందు ఉండవలెను. స్టాంపు కాగితముపై ఇంగ్లీషులో వ్రాయించి, చదువరాని వానిచే వేలిముద్ర వేయించుకొనువారు కలరు. ఏమి ఒప్పుకొన్నాడో ఎరుగనివాడు దానిని ఎట్లు నెరవేర్చును?

ఇక పని నడుచుచుండగా యజమాని ఎంతవరకు జోక్యము చేసికొనవచ్చును? గుత్తకు ఇచ్చినది ఫలితమును గాని, పనివాని కాలమును కాదు. ప్రొద్దున ఎన్నిటికి వచ్చితివి, ఎందుకు కూర్చుంటివి అని అడుగుచు, పనిముట్లు తానే ఇచ్చి, ప్రతి దెబ్బను తానే దిద్దుచున్నచో అది గుత్త కాదు, కొలువే. కాగితముపై ఏమి వ్రాసికొన్నను న్యాయస్థానము అసలు సంబంధమునే చూచును. ధ్రాంగధ్ర కెమికల్ వర్క్స్ వ్యాజ్యమున, మణుగుల లెక్కన కూలి పొందుచు, తమకు సహాయకులను తామే పెట్టుకొను ఉప్పు పనివారు సైతము ఆ సంస్థ కార్మికులేనని సుప్రీంకోర్టు 1956లో తీర్పు చెప్పినది. పని జరుగు తీరుపై అధికారము ఎవరిదన్నదే అందలి ముఖ్యమైన గీటురాయి. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ వ్యాజ్యమున 1973లో, ముక్కలెక్కన బట్టలు కుట్టు దర్జీల విషయమునను అట్లే నిర్ణయించినది. కనీస వేతనములు ముక్కలెక్క పనికి వర్తింపవను భ్రమయు వలదు. 1948 నాటి చట్టముననే దానికి ఏర్పాటుండెడిది.

బయానా సంగతి మరింత జాగ్రత్తతో చూడవలసినది. వానలు నమ్మరాని ఈ మెట్టసీమలో పండుగకో, పెండ్లికో పనివాడు ముందు సొమ్ము అడుగుట సహజము. ఇచ్చుట తప్పు కాదు. కాని ఆ బాకీ తీరువరకు మరియొకచోట పనిచేయరాదని కట్టడి చేయుట 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము క్రింద నేరము కాగలదు. బయానా ఆ ఒక్క ఆర్డరులో తీరిపోవునంత చిన్నదిగా ఉండుట ఇద్దరికిని మేలు.

లెక్క వారమునకొకసారి చూచి ఆనాడే చెల్లింపవలెను. "సరుకు రేవు దాటిన తరువాత ఇత్తును" అనుట యజమాని నష్టభయమును పనివాని నెత్తిన పెట్టుటయే. గుత్తదారు సూక్ష్మ లేక చిన్న సంస్థగా నమోదైనవాడైనచో, 2006 నాటి చట్టము ప్రకారము వ్రాతపూర్వకమైన ఒప్పందము ఉన్నను 45 దినములకు మించి గడువు పెట్టరాదు. ఒప్పందము లేనిచో 15 దినములే. ఆలస్యమునకు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఈయవలసి ఉండును.

బిళ్లల ఛాయాచిత్రములు తీయువారు, విదేశములకు ఉత్తరములు, పద్దులు వ్రాయువారు కూడ నేడు గుత్తకే దొరకుదురు. గిద్దలూరులో కూర్చుండి మార్కాపురము పని చేయవచ్చును. వారి పనిని నూటి లెక్కన కొలువలేము. అయినను మొదట చిన్న భాగమొకటి ఇచ్చి, దానికి తగిన సొమ్ము చెల్లించి చూచుట అక్కడను చెల్లును. ఉచితముగా నమూనా చేయమనుట మాత్రము మర్యాద కాదు.

గుత్తకు ఇచ్చి చేతులు దులుపుకొనరానిది ఒకటున్నది. అది దుమ్ము. పొడి రాతిని యంత్రపు రంపముతో కోసినపుడు లేచు సన్నని ఇసుకధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను రోగమును కలిగించును. అది ఏండ్ల తరువాత బయటపడును, మందులతో నయము కాదు. మధ్యప్రదేశములోని మంద్‌సౌర్‌లో పలకబలపములు కోయు కార్మికులెందరో దీని వాతబడిరి. మూతికి తువ్వాలు చుట్టుకొన్నంతమాత్రమున ఆ ధూళి ఆగదు. రంపముపై నీరు పడుచుండగా కోసినచో చాలవరకు అణగును. కోతపనిని ఇంటికి పంపినచో దుమ్మును పిల్లలున్న ఇంటికి పంపినట్లే. నీటిగొట్టము, తొట్టి అమర్చు ఖర్చును రేటులో కలుపక, యజమాని విడిగా చూపి తానే పెట్టుకొనవలెను. రేటులో కలిపినచో, గిట్టుబాటు తగ్గిన దినమున గుత్తదారు మొదట మిగుల్చుకొన చూచునది ఆ నీటి ఖర్చునే.