సాగ్ అంటే సాగడం కాదు: సబ్‌స్టేషన్ తీగల వేలాటం, బిగువు

ఉపోద్ఘాతం

విద్యుత్ సబ్‌స్టేషన్‌లో రెండు ఉక్కు గ్యాంట్రీల మధ్య కట్టిన తీగ నడుమ కిందికి వంగి ఉంటుంది. ఆ వంపు లోతును ఇంజనీర్లు ‘సాగ్’ అంటారు. ఈ ఆంగ్లపదం తెలుగు చెవికి ‘సాగు’ క్రియలా వినిపించి, తీగ సాగిపోయిందనే భ్రమ కలిగిస్తుంది. సాగడం వేరు, వేలాడడం వేరు. పోరాడు నుంచి పోరాటం ఏర్పడినట్లే వేలాడు నుంచి ‘వేలాటం’ అన్న మాటను గ్రహించి, టెన్షన్‌ను ‘బిగువు’ అని ఇక్కడ వ్యవహరించడమైంది.

గోదావరికి ఇరువైపులా

పూర్వపు కరీంనగర్ జిల్లాలోని రామగుండం ఎన్టీపీసీ 1983లో తొలి యూనిట్‌తో మొదలై 2004 నాటికి 2,600 మెగావాట్లకు చేరింది. నదికి ఆవల, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని జైపూర్ వద్ద 1,200 మెగావాట్ల సింగరేణి కేంద్రం ఉంది. ఈ ప్రాంతంలో చలికాలపు రాత్రి 5 డిగ్రీల దాకా దిగగలదు. మే నెలలో పగలు 45 దాటుతుంది. కరెంటు మోసే తీగ అంతకంటె వేడెక్కుతుంది. అల్యూమినియం-ఉక్కు తీగకు 75 డిగ్రీలను చాలాకాలంగా రూపకల్పన పరిమితిగా పాటించారు. అంటే తీగ భరించవలసిన వ్యత్యాసం 70 డిగ్రీలు.

లెక్క

వేలాడే తీగది నిజానికి గొలుసు వక్రం. వంపు స్వల్పమైతే దానిని పరావలయంగా భావించవచ్చు. అప్పుడు మీటరు తీగ బరువును దూరపు వర్గంతో గుణించి, బిగువుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే వేలాటం వస్తుంది.

400 కేవీలో వాడే ‘మూస్’ తీగ మీటరుకు సుమారు 2 కిలోలు. గ్యాంట్రీల దూరం 50 మీటర్లు, 5 డిగ్రీల వద్ద బిగువు 1,000 కిలోలు అనుకుంటే వేలాటం 62.5 సెంటీమీటర్లు. ఆశ్చర్యమేమంటే, ఈ వంపు కోసం తీగ 50 మీటర్ల కంటె దాదాపు 2 సెంటీమీటర్లే ఎక్కువ పొడవుంటుంది! 75 డిగ్రీలకు అది మరో 6.8 సెంటీమీటర్లు వ్యాకోచిస్తుంది. బిగువు తగ్గడంతో అందులో అర సెంటీమీటరుకు పైగా తిరిగి కుదించుకుంటుంది. అదనపు పొడవు వేలాటపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక, పొడవు నాలుగింతలైతే వేలాటం రెండింతలవుతుంది: సుమారు 1.24 మీటర్లు. బిగువు సగానికి పడిపోతుంది. కింది పరికరాలకు, మనుషులకు ఉండవలసిన ఎడం ఇక్కడే తరుగుతుంది.

దీనికి విపర్యయం మరింత ప్రమాదకరం. మే మధ్యాహ్నం 45 డిగ్రీల తీగను, చూపుకు పొందికగా ఉందని, అదే 1,000 కిలోల బిగువుతో కట్టారనుకుందాం. గ్యాంట్రీలు ఏమాత్రం వంగవనుకుంటే, 5 డిగ్రీల రాత్రి బిగువు సుమారు 2,700 కిలోలకు ఎగబాకుతుంది. తీగ తెగదు, మూస్ తెగే బలం 16 టన్నుల పైమాటే. భారమంతా గ్యాంట్రీ మీద, దాని పునాది మీద పడుతుంది.

లెక్కకు లొంగనివి

పై గణనలో ఇన్సులేటర్ గొలుసులను విస్మరించాం. లైన్లలోని దీర్ఘదూరాలకు అది చెల్లుతుంది గాని, సబ్‌స్టేషన్‌లోని చిన్న దూరాలకు చెల్లదు. బరువైన గొలుసులు రెండు కొసల వద్ద వక్రాన్ని నిటారుగా దించుతాయి. కిందికి దిగే తీగలు నడుమ మరికొంత భారం చేరుస్తాయి. షార్ట్ సర్క్యూట్ వేళ జంటతీగలు పరస్పరం ఆకర్షించుకొని క్షణాంశంలో బిగువును పెంచుతాయి. దానికి ఐఈసీ 60865 ప్రమాణం ప్రత్యేక పద్ధతి నిర్దేశిస్తుంది.

ఈ లెక్కలన్నీ చివరకు ఒక పట్టికగా, అంటే స్ట్రింగింగ్ చార్ట్‌గా, తీగ లాగేవారి చేతికి అందుతాయి. అందులోని ఉష్ణోగ్రత తీగది, గాలిది కాదు. ఎండలో ఈ రెండింటికీ తేడా ఎక్కువ. కనీసం ఆ గడిలోనైనా ‘తీగ ఉష్ణోగ్రత’ అని తెలుగులో ముద్రించడం అవసరం.