మిరుగు వేళ టైరు మిస్త్రీకి తీరికుండదు

నారాయణఖేడ్: మిరుగు వచ్చిందంటే ఇక్కడ విత్తనాల దుకాణాల ముందు ఎంత సందడో, పంక్చర్ దుకాణాల ముందూ అంతే సందడి. వాన పడి నేల పదునైతే కంది, పెసర, పత్తి విత్తుకోవడానికి రైతుకు దొరికేది కొద్ది రోజులే. సరిగ్గా అప్పుడే ట్రాక్టర్ పెద్ద టైరులో తుమ్మ ముల్లు దిగితే పని ఆగిపోతుంది. ఒక ట్రాక్టర్‌ను నమ్ముకొని పదిమంది పొలాలు ఎదురుచూసే ఊళ్లలో ఆ నష్టం యజమాని ఒక్కడిది కాదు.

జహీరాబాద్‌లో 2013 నుంచి ట్రాక్టర్లు తయారవుతున్నాయి. సదాశివపేట దగ్గర టైర్ల కర్మాగారమే ఉంది. అయినా కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద, సిర్గాపూర్ వైపు ఊళ్లలో, తండాల్లో టైరు విప్పి ఎక్కించే పని రెండు మూడు ఇనుప పట్టీలు, సమ్మెట, సబ్బు నీళ్లతోనే సాగుతోంది. కార్ల టైర్లకు పట్నాల్లో యంత్రాలు వచ్చాయి గానీ, చేనులో దిగబడ్డ ట్రాక్టర్ దగ్గరికి ఏ యంత్రమూ రాదు. 1956 వరకు ఈ తాలూకా బీదర్ జిల్లాలోదే. కొత్త టైరు కోసం నేటికీ అటు వెళ్లేవారున్నారు.

మామూలు ట్రాక్టర్ వెనక టైరు మీద 13.6-28 అని ఉంటుంది. వెడల్పు 13.6 అంగుళాలు, రిమ్ము అడ్డుకొలత 28 అంగుళాలు అని దాని అర్థం. బరువు కోసం అందులో నీళ్లు నింపి ఉంటే మరో 150 కిలోలకు పైగా కలుస్తుంది. కాబట్టి ముందు నీళ్లు తీసేయాలి. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గట్టి నేల మీద జాకీ కింద చెక్క వేసి లేపుతారు. మెత్తటి నల్లరేగడిలో జాకీ ఒరిగిందంటే మనిషి మీదికే వస్తుంది.

చక్రం పడుకోబెట్టాక వాల్వు పుల్ల తీసి గాలి మొత్తం వదిలేయాలి. అసలు కష్టం ఆ తర్వాతే. నీళ్లు నింపిన టైరు అంచు తుప్పుతో రిమ్ముకు అతుక్కుని ఉంటుంది. చుట్టూ తిరుగుతూ కొడితే తప్ప వదలదు. అంచు లోపల ఇనుప తీగల చుట్ట ఉంటుంది, అది సాగదు. అందుకే రిమ్ము మధ్యన పల్లం ఇచ్చారు. వాల్వుకు ఎదురు వైపు అంచును మోకాళ్లతో ఆ పల్లంలోకి దించి, వాల్వు దగ్గర పట్టీ వేసి లేపితే టైరు దానంతటదే బయటికొస్తుంది. ఈ కిటుకు తెలియనివాడు గడ్డపార వేసి బలం చూపిస్తాడు. తీగలు తెగి టైరు పాడవుతుంది, లేదా ట్యూబు చీలుతుంది.

ట్యూబుకు అతుకు వేసిన మాత్రాన పని కాలేదు. టైరు లోపల చేత్తో తడిమి విరిగిన ముల్లు మొనను వెతికి తీయాలి. అది తీయకుండా ఎక్కిస్తే సాయంత్రానికి మళ్లీ అదే బాధ. తర్వాత ట్యూబుకు పౌడరు పూసి, కాస్త గాలి పట్టించి, మడత పడకుండా సర్దుతారు. పట్టీల దిక్కు కూడా చూసుకోవాలి. ట్రాక్టర్ వెనక నిలబడి చూస్తే పట్టీల కొనలు పైకి ఉండాలి. టైరు పక్కన బాణం గుర్తూ ఉంటుంది. తిరగేసి ఎక్కిస్తే బురదలో పట్టు దొరకదు, మట్టి వదలదు.

గాలి కొట్టేటప్పుడే ప్రాణాపాయం. అంచు రిమ్ములో సరిగా కూర్చోలేదని గాలి పెంచుకుంటూ పోవడం పెద్ద తప్పు. వెనక టైరును కూర్చోబెట్టేటప్పుడు 35 పౌండ్లు దాటకూడదు. అప్పటికీ కూర్చోకపోతే గాలి వదిలి, సబ్బు నీళ్లు రాసి మళ్లీ మొదలుపెట్టాలి. టైరు మీద వంగకుండా, పొడవాటి పైపుతో పక్కన నిలబడి కొట్టాలి. రింగు ఉండే లారీ రిమ్ములు మరీ ప్రమాదం. తుప్పుపట్టిన రింగు ఎగిరితే తల మీదికే వస్తుంది. తెలిసిన మిస్త్రీలు గొలుసు చుట్టి గాని గాలి పెట్టరు. కుర్రాళ్లు మాత్రం గొలుసు వెతికే సమయం లేదంటారు! టైరు ఉండగా రిమ్ముకు వెల్డింగ్ చేయించడమూ అంతే ప్రమాదం.

పొలం పనికి వెనక టైరులో 12 పౌండ్ల దరిదాపు గాలి చాలు, ముందు చిన్న టైర్లకే ఎక్కువ కావాలి. రోడ్డు మీద ట్రాలీ లాగేటప్పుడు పెంచిన గాలితోనే చేనులో దిగితే చక్రం జారుతుంది, డీజిలు వృథా. తక్కువ గాలితో చెరకు ట్రాలీ లాగితే టైరు పక్కలు చిట్లుతాయి.

చక్రం బిగించి దున్నడం మొదలుపెట్టిన గంట రెండు గంటలకు బండి ఆపి నట్లు మరోసారి బిగించాలి. పదును ఆరిపోతుందన్న తొందరలో చాలామంది మరిచిపోయేది ఇదే.