తొలితరం వృత్తి ఐస్ హాకీ క్రీడాకారుడు సైక్లోన్ టేలర్: ఆట, వేతనం, సరిహద్దు

ఆటకు డబ్బు పుచ్చుకోవడం ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ల కెనడాలో గౌరవప్రదమైన పని కాదు. ఐస్ హాకీని శాసించిన ఔత్సాహిక సంఘాల దృష్టిలో అది బహిష్కరణకు తగిన నేరం. ఈ నిషేధం ధనాపేక్షను అరికట్టడానికేనని చెప్పుకున్నా, ఆచరణలో అది ఆటగాడి కదలికను నియంత్రించే సాధనంగా పనిచేసింది. ఫ్రెడ్ టేలర్ జీవితం ఇందుకు స్పష్టమైన నిదర్శనం. ‘సైక్లోన్’ అన్నది మంచుపై అతడి వేగాన్ని చూసి పెట్టిన పేరు.

ఒంటారియో రాష్ట్రంలోని లిస్టోవెల్‌లో పెరిగిన టేలర్‌ను టొరంటో జట్టులో చేరవలసిందిగా ఒంటారియో హాకీ సంఘం పెద్దలు కోరారు. అతడు నిరాకరించాడు. ఫలితంగా ఆ రాష్ట్రంలో ఎక్కడా ఆడే వీలు లేకుండా పోయింది. డబ్బు తీసుకున్నందుకు కాదు, చెప్పిన చోట ఆడనందుకు అతడికి ఈ శిక్ష పడిందన్నది గమనార్హం. మానిటోబా మీదుగా 1906లో అతడు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి, రాగి గనుల పట్టణమైన హోటన్‌కు చేరాడు. బాహాటంగా వేతనాలు చెల్లించిన తొలి హాకీ లీగ్ (1904-07)లో అక్కడి పోర్టేజ్ లేక్స్ జట్టు ఒకటి. ఔత్సాహికత పేరిట స్వదేశంలో మూసుకున్న తలుపు సరిహద్దు దాటాక వృత్తిగా తెరుచుకుంది.

ఆ లీగ్ మూతపడ్డాక టేలర్ ఒట్టావా జట్టులో చేరాడు. 1909లో ఆ జట్టు స్టాన్లీ కప్ గెలిచింది. జట్టు ఇచ్చిన సొమ్ముతో పాటు, కేంద్ర ప్రభుత్వ వలస వ్యవహారాల శాఖలో ఉద్యోగం కూడా అతడికి దక్కింది. శీతకాలంలో రెండు మూడు నెలలే సాగే ఆట ఏడాది పొడవునా కుటుంబాన్ని పోషించలేదు. తొలితరం వృత్తి క్రీడాకారుణ్ని ‘పూర్తికాల ఆటగాడు’ అనుకోవడం నేటి క్రికెట్‌ను చూసి కలిగే భ్రమ.

1909-10లో రెన్‌ఫ్రూ అనే చిన్న పట్టణం అతడికి 5,250 డాలర్లు ఇచ్చి తీసుకుంది. ఆ సొమ్ము వెనుక ఉన్నది గనుల సంపన్నుడు ఎం.జె. ఓబ్రయన్ కుటుంబం. బేస్‌బాల్‌లో మేటి అయిన టై కాబ్ నూటయాభైకి పైగా ఆటలకు సుమారు 6,500 డాలర్లు పొందుతున్న రోజుల్లో, టేలర్ వేతనం పన్నెండు ఆటలకు! ఒట్టావాపై వెనక్కి స్కేటింగ్ చేస్తూ గోల్ కొడతానని అతడు పందెం కట్టాడన్న కథ కూడా ఈ కాలానిదే. నిజమెంతైనా, టిక్కెట్ల అమ్మకానికి అది బాగా పనికివచ్చింది.

అయితే ఆ ధర అతడి ప్రతిభకు మాత్రమే కట్టిన విలువ కాదు. యజమానుల మధ్య పోటీకి కట్టిన విలువ కూడా. మరుసటి సీజన్‌కే నేషనల్ హాకీ అసోసియేషన్ ఒక్కో జట్టు మొత్తం వేతనాలకు 5,000 డాలర్ల పరిమితి విధించింది. అంటే, జట్టంతటికీ కలిపి ఇచ్చేది అంతకు ముందు టేలర్ ఒక్కడికి ఇచ్చినదానికన్నా తక్కువ. ఆటగాళ్లు సొంత లీగ్ పెట్టాలని ప్రయత్నించారు. కానీ ఆడటానికి మంచు మైదానాలు దొరకలేదు. నైపుణ్యం ఆటగాడిదే, మైదానం మాత్రం యజమానిది. ఈ పరిస్థితిని మార్చినది ఆటగాళ్ల ఐక్యత కాదు. రెన్‌ఫ్రూలో టేలర్‌తో కలిసి ఆడిన లెస్టర్, ఫ్రాంక్ పాట్రిక్ సోదరులు తండ్రి కలప వ్యాపారపు సొమ్ముతో పశ్చిమ తీరంలో కృత్రిమ మంచు మైదానాలు కట్టి, 1911లో పోటీ లీగ్ ప్రారంభించారు. మళ్లీ ఇద్దరు కొనుగోలుదారులు ఏర్పడ్డారు. టేలర్ 1912లో వ్యాంకూవర్ చేరాడు. ఒట్టావాలో రక్షణ శ్రేణిలో ఆడినవాడు ఇక్కడ ‘రోవర్’ అయ్యాడు. ఏడుగురి జట్టులో నిర్దిష్ట స్థానం లేకుండా మైదానమంతా తిరిగే ఆటగాడిని అలా పిలిచేవారు. లీగ్‌లో అయిదుసార్లు స్కోరింగ్‌లో ప్రథముడయ్యాడు. 1915లో ఒట్టావానే ఓడించి వ్యాంకూవర్‌కు స్టాన్లీ కప్ సాధించిన జట్టులో అతడున్నాడు.

ఆ విజయానికి ముందటి వేసవిలో జరిగిన సంఘటనను హాకీ చరిత్రలు సాధారణంగా ఒక వాక్యంతో దాటవేస్తాయి. 1914 మే 23న కొమగతమారు ఓడ 376 మంది భారతీయులతో వ్యాంకూవర్ రేవుకు వచ్చింది. వారిలో అత్యధికులు పంజాబీ సిక్కులు. వలస అధికారిగా ఆ ఓడ ఎక్కినవారిలో టేలర్ ఒకడు. స్వదేశం నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా రావాలన్న నిబంధనను చూపి, కొద్దిమందిని మినహాయించి అందరినీ నిలిపివేశారు. జూలై 23న ఓడ వెనుదిరిగింది. సెప్టెంబరులో కలకత్తా సమీపంలోని బజ్‌బజ్ వద్ద పోలీసు కాల్పుల్లో పలువురు ప్రయాణికులు మరణించారు. ఆ నిబంధన టేలర్ రాసినది కాదు, ఓడను తిప్పిపంపే నిర్ణయమూ అతడిది కాదు. అయినా ఇక్కడ ఒక వైరుధ్యాన్ని విస్మరించలేం. తన నైపుణ్యాన్ని అమ్ముకోవడానికి సరిహద్దు దాటగలగడమే టేలర్‌ను వృత్తి క్రీడాకారుణ్ని చేసింది. తమ శ్రమను అమ్ముకోవడానికి అదే సామ్రాజ్యపు పౌరులు వచ్చినప్పుడు, సరిహద్దు వద్ద కాగితాలు పట్టుకుని నిలిచినవారిలో అతడున్నాడు. గదర్ ఉద్యమ చరిత్రలో ఆ ఓడ, హాకీ చరిత్రలో ఆ ఆటగాడు వేర్వేరు అధ్యాయాలుగా మిగిలిపోవడం వల్ల ఈ సంబంధం మరుగునపడింది.

ఆట ముగిశాక కూడా టేలర్ ఆ శాఖలోనే కొనసాగి బ్రిటిష్ కొలంబియా, యూకాన్ ప్రాంతాల కమిషనర్ స్థాయికి ఎదిగాడు. 1946లో ఓ.బి.ఈ. పురస్కారం పొందాడు. 1947లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది. ‘నిరంతర ప్రయాణ’ నిబంధనను కెనడా రద్దు చేసినదీ ఆ సంవత్సరమే.